చెవిటి పెద్దమ్మ చరిత్ర

కొన్నేళ్ళ కిందట కొందరు మిత్రులు కలిసి శ్రామిక స్త్రీల ఆరోగ్యం మీద ఒక చిన్న పుస్తకం వేద్దామనుకున్నారు. ఇంగ్లీషులో ఉన్న వ్యాసాలను తెలుగు చేసే పని నా మీద పడింది. సాహిత్యంలో పిహెచ్.డి. చేసింది కదా, మాటల కోసం వెతుక్కోదులే అని వాళ్ళ నమ్మకం. రక్తహీనత దగ్గర, గర్భసంచి జారడం దగ్గర, నడుం నొప్పి దగ్గర నాకు ఇబ్బంది రాలేదు. 'హార్డ్ ఆఫ్ హియరింగ్' అన్న మూడు మాటల దగ్గర ఆగిపోయాను.

అసలే వినిపించనివాళ్ళను కాదు, కొంత వినిపించి కొంత వినిపించనివాళ్ళను ఇంగ్లీషులో అలా అంటారు. 'చెవిటివాళ్ళు' అని రాస్తే అర్థం మారిపోతుంది, పైగా అది తిట్టు. 'పాక్షిక బధిరత్వం' అంటే ఆ పుస్తకం ఎవరి కోసమో వాళ్ళకే అర్థం కాదు. 'వినికిడి లోపం' అంటే ఆస్పత్రి గోడ మీది బోర్డులా ఉంది. రెండు రోజులు ఆ కాగితం పక్కన పెట్టాను. మూడోనాడు జమ్మికుంటకు ఫోన్ చేస్తే మా అవ్వ ఎత్తలేదు. మళ్ళీ చేస్తే వదిన ఎత్తి, "అత్తమ్మకు రింగు ఇనబడ్తలేదు, జర ఆగు" అంది. నేను వెతుకుతున్నది మా ఇంట్లోనే ఏళ్ళ తరబడి పేరు లేకుండా తిరుగుతున్నదని అప్పుడు తట్టింది.

ఈ వ్యాసం ఆ పేరు లేకపోవడం గురించి. పేరు లేనిదానికి చరిత్ర కూడా లేదనుకుంటాం. నిజానికి చాలా చరిత్రే ఉంది.

మాటతోనే మొదలుపెడతాను. గుడ్డి అనే మాటలో కన్ను లేదు. కుంటి అనే మాటలో కాలు లేదు. మూగ అనే మాటలో నోరు లేదు. చెవుడులో మాత్రం చెవి ఉంది. తమిళంలో చెవి, చెవిడు. కన్నడంలో కివి, కివుడు. ఇది ద్రావిడ భాషల ఉమ్మడి సొత్తు. చెవికి ఏదో అయిందని ఆ మాట చెబుతుంది కానీ ఎంత అయిందో చెప్పదు. ఎంతో చెప్పాలంటే పక్కన ఇంకో మాట చేర్చాలి. అసలేమీ వినిపించకపోతే బ్రహ్మచెవుడు అంటాం. ఇక్కడ బ్రహ్మ అంటే పెద్దది, పూర్తిది అని. అంటే ఒక కొసకు పేరుంది. బాగా వినిపించే రెండో కొసకు పేరు అక్కర్లేదు. ఈ రెంటికీ మధ్య ఉన్న పెద్ద జాగాలో ఎందరో మనుషులున్నారు. వాళ్ళ గురించి మా వాడలో మాట కాదు, వాక్యం చెప్పేవాళ్ళు: "ఆమెకు చెవులు మందం", "జర గట్టిగ మాట్లాడాలె", "ఇటు పక్కకెల్లి జెప్పు".

1948 దాకా రాజభాషగా మా మీద ఉన్న ఉర్దూలో దీనికొక నుడికారం ఉంది. 'ఊంచా సున్‌నా' అంటారు, ఎత్తుగా వినడం అని. ఆమె వినదు అనడం లేదు, ఎత్తుగా వింటుంది అంటున్నారు. గొంతు పెంచాల్సిన బాధ్యత ఎదుటి మనిషిది అయింది. ఇంగ్లీషు మాటలో 'హార్డ్' అంటే కష్టం, వినడం కష్టమైన మనిషి అని. తెలుగులో మనం పత్రికల్లో, ప్రభుత్వ కాగితాల్లో రాసే 'లోపం' ఈ రెంటికంటే కఠినమైంది. లోపం ఎప్పుడూ ఆ మనిషిలోనే ఉంటుంది.

అయితే తెలుగుకు ఈ స్థితి తెలియదా అంటే బాగా తెలుసు. శాస్త్రం కంటే ముందు సామెతకు తెలుసు. "చెవిటి పెద్దమ్మా చేంతాడు తేవే అంటే, చెవిపోగులు నా జన్మానెరగనన్నదట." చిన్నప్పటి నుంచి విన్నదే, నవ్వుకున్నదే. ఒకసారి నవ్వకుండా చదివి చూడండి. ఈ పెద్దమ్మకు బ్రహ్మచెవుడు కాదు. తనను పిలిచారని ఆమెకు తెలిసింది. ఏదో అడుగుతున్నారని తెలిసింది. మాట మొదలు అందింది, మిగతాది జారిపోయింది. జారినదాన్ని తన బతుకులోంచి ఊహించి పూరించుకుంది. వినికిడి తగ్గినవాళ్ళు రోజంతా చేసే పని సరిగ్గా ఇదే. ఏ వైద్య గ్రంథం దీన్ని ఇంతకంటే బాగా వర్ణించలేదు.

ఇంకో సంగతి. ఆమెకు పని చెప్పినవాళ్ళు ఎవరో సామెతలో లేదు. బావి దగ్గర చేంతాడు మోసుకొచ్చే వయసు దాటిన ఆడమనిషికి పని చెప్పగలిగినవాళ్ళెవరో. ఆమె జవాబేమిటి? జన్మలో చెవిపోగులు ఎరగనని. అరవయ్యేళ్ళు పనిచేసిన మనిషి చెవులకు పోగులు లేవు. ఆ మాట తప్పు జవాబే కావచ్చు, అబద్ధం మాత్రం కాదు. తరతరాలుగా ఆ సామెత వాడి నవ్వినవాళ్ళకు ఆ నిజం వినిపించలేదు. అక్కడ చెవుడు ఎవరిది? మగవాడి సామెత వేరే ఉంది. అతని ముందు శంఖం ఊదుతారు. ఆడదాని ముందు పని చెబుతారు.

తెలుగులో వినడం అంటే చెవితో చేసే పని మాత్రమే కాదు. "మాట వింటుంది" అంటే లొంగి ఉంటుందని. "మాట వినదు" అంటే పొగరుబోతని. ఆడపిల్లకు పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు ఇచ్చే మొదటి యోగ్యతా పత్రం "పిల్ల చెప్పినమాట ఇంటది" అనేదే. పితృస్వామ్యంలో చెప్పడం ఒకరి వంతు, వినడం ఒకరి వంతు. వినాల్సిన వంతు ఎవరిదో వాళ్ళ చెవులు పోయినప్పుడు అది జబ్బుగా కనిపించదు, ధిక్కారంగా కనిపిస్తుంది. బాపుకు ముసలితనంలో చెవులు తగ్గితే ఇంట్లో అందరం గొంతు పెంచాం, దగ్గరికి వెళ్ళి చెప్పాం. అవ్వకు నలభై ఏళ్ళప్పుడే తగ్గితే "ఇని ఇననట్టు జేస్తది" అన్నాం. అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

అవ్వ చెవులు ఎక్కడ పోయాయో ఊరందరికీ తెలుసు. జమ్మికుంట పత్తి ఊరు. కాజీపేట నుంచి బల్లార్షా వైపు వెళ్ళే రైలు మార్గం మీద ఉన్న ఊరు. ఆ మార్గం 1920ల చివరికి పూర్తయి మద్రాసును ఢిల్లీతో కలిపింది. పత్తి మార్కెట్టు, అడ్తి దుకాణాలు, జిన్నింగు మిల్లులు, బియ్యం మిల్లులు, హమాలీలు - ఊరి బతుకంతా వీటి చుట్టూ అల్లుకుంది. దసరా దాటితే యార్డుకు పత్తి బండ్లు వచ్చేవి. అప్పటి నుంచి ఎండలు ముదిరేదాకా మిల్లులు నడిచేవి. మా వాడ ఆడవాళ్ళలో కొందరు ఇంట్లో బీడీలు చుట్టేవాళ్ళు, కొందరు మిల్లుకు పోయేవాళ్ళు. అవ్వ మిల్లుకు పోయింది, పదహారు సీజన్లు.

జిన్నింగంటే పత్తిలోంచి గింజను వేరుచేయడం. తోలు చుట్టిన రోలర్లు, వాటికి ఆనుకుని ఆడే కత్తులు, వరసగా పదుల కొద్దీ యంత్రాలు. ఆడవాళ్ళు పత్తి ఎత్తి యంత్రాలకు అందించేవాళ్ళు, దూదిలో చెత్త ఏరేవాళ్ళు. కొంగు ముక్కుకు గట్టిగా చుట్టుకునేవాళ్ళు. దుమ్ము కనిపిస్తుంది, దగ్గు వస్తుంది, కాబట్టి దుమ్ముకు కొంగు. మోతకు ఏమీ లేదు. చుట్టూ కొండల్లా దూది, కొంచెం చెవుల్లో పెట్టుకోవచ్చు కదా అని చిన్నప్పుడు అడిగాను. "మేస్త్రి పిలిస్తే ఇనబడద్దా బిడ్డా" అంది. మాట వినడానికే చెవులు తెరిచి ఉంచింది. తర్వాత చదివి తెలుసుకున్నాను, వట్టి దూది పెట్టుకున్నా పెద్దగా ఆగదట. దానికి వేరే బిరడాలు, చెవి కప్పులు ఉంటాయి. అవి ఆ మిల్లులో అవ్వ ఎన్నడూ చూడలేదు.

మహారాష్ట్రలోని జల్‌గావ్ ప్రాంతపు జిన్నింగు మిల్లుల మీద 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో మోత 90 డెసిబెల్స్ దాటి కనిపించింది. రోజుకు 8 గంటల పనికి మన ఫ్యాక్టరీ నిబంధనలు పెట్టిన హద్దు ఆ 90. మోత చెవిని ఎలా తినేస్తుందో కూడా శాస్త్రం చెప్పింది. లోపలి చెవిలో సన్నని కేశకణాలుంటాయి. మోతకు అవి చనిపోతాయి, మళ్ళీ పుట్టవు. ముందుగా పోయేది సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులు పట్టే కణాలు. అందుకే చెవులు పోతున్న సంగతి మొదట్లో తెలియదు. అచ్చులు గట్టిగా ఉంటాయి కాబట్టి వినిపిస్తూనే ఉంటాయి. స, ప, త, క లాంటి హల్లులు జారిపోతాయి. పత్తి అన్నారో, కత్తి అన్నారో, అత్తి అన్నారో తేడా చెరిగిపోతుంది. అవ్వ దీన్ని ఒక్క మాటలో చెప్పేది: "ఇనబడ్తది బిడ్డా, గని తెల్వది."

దీనికొక ఫలితం ఉంది. సాధారణంగా మగవాళ్ళ గొంతు స్థాయి తక్కువ, ఆడవాళ్ళదీ పిల్లలదీ ఎక్కువ. మోతకు దెబ్బతిన్న చెవికి మగ గొంతు కాస్త తేలికగా అందుతుంది. అవ్వకు బాపు పిలుపు అందేది, నాయినమ్మ పిలుపు అందేది కాదు. "మొగడు పిలిస్తే ఉరుకుతది, నేను పిలిస్తే చెవులు మూసుకుంటది" అని నాయినమ్మ వాడంతా చాటింది. పదేళ్ళ పాటు అత్తాకోడళ్ళ మధ్య నలిగిన పగలో సగం కేశకణాలది. ఒక మిల్లు యంత్రం ఇద్దరు ఆడవాళ్ళ మధ్య చేరి వాళ్ళను విరోధులను చేసింది. ఆ సంగతి తెలియకుండానే నాయినమ్మ పోయింది.

ఈ రోగం కొత్తదేం కాదు. 1886లో గ్లాస్గోలో థామస్ బార్ అనే చెవి వైద్యుడు ఆవిరి బాయిలర్లు చేసే కార్మికులు 100 మందిని పరీక్షించాడు. ఒక్కరికి కూడా వినికిడి సరిగ్గా లేదు. వైద్యంలో అది 'బాయిలర్ పనివాళ్ళ చెవుడు' అన్న పేరుతో స్థిరపడింది. మగవాళ్ళ వృత్తి పేరు రోగానికి వచ్చింది, రోగానికి గౌరవం వచ్చింది. అదే బ్రిటన్‌లో, లాంకషైర్ నేత మిల్లుల్లో వేల మంది స్త్రీలు మగ్గాల హోరులో పనిచేశారు. మాట వినపడక పెదవులు బాగా సాగదీసి, ముఖంతో, చేతులతో మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. దాన్ని 'మీ-మాయింగ్' అన్నారు. మగవాళ్ళ కథ వైద్య చరిత్రలో చేరింది, ఆడవాళ్ళ కథ జానపద వినోదమైంది. మా చెవిటి పెద్దమ్మ సామెతలో చేరినట్టే. మా మిల్లు ఆడవాళ్ళు కూడా అలాగే మాట్లాడుకునేవాళ్ళు. నీళ్ళకు బొటనవేలు నోటి దగ్గర, మేస్త్రి వస్తున్నాడంటే మీసం తిప్పడం. ఇంటికొచ్చాక కూడా అవ్వ మా ముఖాలే చూసేది. "గుడ్లప్పగించి సూస్తవేందే" అని నాయినమ్మ తిట్టేది. అవ్వ పెదవులు చదువుతున్నదని నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ అర్థం కాలేదు.

రాజ్యం ఈ మనుషులను ఎలా లెక్కపెట్టిందో చూద్దాం. ధర్మశాస్త్రం మొదట లెక్కపెట్టింది. పుట్టుగుడ్డికి, పుట్టుచెవిటికి ఆస్తిలో వాటా లేదని మనువు రాశాడు. బ్రిటిష్ ఇండియాలో 1928లో ఒక చట్టం ఆ అనర్హతను తీసేసింది. 1956 హిందూ వారసత్వ చట్టం ఏ రోగం, ఏ అంగలోపం వారసత్వానికి అడ్డు కాదని తేల్చింది. ఇక జనాభా లెక్కలు. నిజాం రాజ్యం 1881 నుంచి వాటిలో చేరింది. అప్పటి నుంచి 1931 దాకా లెక్కపెట్టింది పుట్టుకతో చెవిటి-మూగ అయినవాళ్ళను. చెవిటి, మూగ రెండూ ఒకే గడిలో. పనిలో చెవులు పోగొట్టుకున్నవాళ్ళకు గడి లేదు. 1941లో ఆ ప్రశ్నే తీసేశారు. 1981 అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరం కాబట్టి మళ్ళీ పెట్టారు. అప్పుడు కూడా అడిగింది పూర్తిగా చూపులేని, పూర్తిగా కాళ్ళుచేతులు పడిపోయిన, పూర్తిగా మూగ అయిన వాళ్ళ గురించి. చెవి ఊసే లేదు. 1991లో మళ్ళీ ప్రశ్న లేదు.

2001లో మొదటిసారి వినికిడిని విడిగా అడిగారు. దేశం మొత్తం మీద సుమారు 12.6 లక్షల మంది తేలారు. 2011లో ఆ సంఖ్య 50.7 లక్షలైంది. పదేళ్ళలో దేశానికి నాలుగింతలు చెవుడు రాలేదు. 2001లో వినికిడి యంత్రం పెట్టుకుని వినగలిగేవాళ్ళను లెక్కలోంచి తీసేశారు, 2011లో చేర్చారు. అడిగే తీరు కూడా మారింది. నిర్వచనం కొంచెం కదిలితే లక్షల మంది మనుషులు కనిపిస్తారు, మాయమవుతారు. పైగా ఈ లెక్క చెప్పేది ఎవరు? ఇంటికొచ్చిన ఎన్యుమరేటరుకు ఇంటి యజమాని చెబుతాడు. మా ఇంట్లో బాపు చెప్పాడు. "అందరం మంచిగనే ఉన్నం" అన్నాడు. అబద్ధం చెప్పాలని కాదు. అవ్వది ఆయనకు లెక్కలోకి వచ్చే విషయంగా తోచలేదు.

చట్టం సంగతి ఇంకా చిత్రం. 1995 వికలాంగుల చట్టం మెరుగైన చెవిలో 60 డెసిబెల్స్, ఆ పైన నష్టం ఉంటేనే వినికిడి వైకల్యం అంది. 2016లో వచ్చిన హక్కుల చట్టం మొదటిసారి రెండు పేర్లు విడదీసింది. రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ నష్టమైతే 'డెఫ్', 60 నుంచి 70 మధ్య అయితే 'హార్డ్ ఆఫ్ హియరింగ్'. నేను వెతుకుతున్న మూడు మాటలు ఆ రకంగా మన చట్టంలోకి వచ్చాయి, పది డెసిబెల్స్ ఇరుకు గదిలోకి. ఎదురుగా కూచుని మామూలుగా మాట్లాడుకునే మాట ఉండేదే సుమారు 60 డెసిబెల్స్. అంటే ఎదుటి మాట దాదాపు అందకుండా పోయేదాకా చట్టం దృష్టిలో మనిషి చెవులు బాగున్నట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక మాత్రం మెరుగైన చెవిలో 35 డెసిబెల్స్ దాటినవాళ్ళకు చికిత్సో, సాయమో అవసరమవుతుందని లెక్కవేసింది. 35కూ 60కీ మధ్య ఉన్నవాళ్ళు మన దేశంలో ఎవరు? మా అవ్వ అక్కడ ఉంది.

2014లో మొదలైన ఆసరా పింఛన్ల నిబంధనల్లో మిగతా వైకల్యాలకు 40 శాతం ఉంటే చాలన్నారు, వినికిడికి మాత్రం 51 శాతం కావాలన్నారు. 2015లో అవ్వను సదరం శిబిరానికి తీసుకుపోయాను. ఏ ఊళ్ళోనన్నది ఇక్కడ అనవసరం. వరండా నిండా మనుషులు. ఒక ఉద్యోగి తలుపు దగ్గర నిలబడి పేర్లు పిలుస్తున్నాడు. చెవులు వినపడనివాళ్ళను పేరు పెట్టి పిలుస్తున్నాడు. నేను జిరాక్సు కోసం బయటికి పోయి వచ్చేసరికి అవ్వ పేరు పిలవడం, దాటిపోవడం అయిపోయింది. "పిలిస్తే పలకకపోతే మేమేం జేస్తం" అన్నాడు. సాయంత్రం దాకా ఉండి పరీక్ష చేయించుకున్నాం. 44 శాతం వచ్చింది. అవ్వ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "మొత్తం పోతేనే ఇస్తరా?" అంది. గట్టిగానే అంది, తన గొంతు ఎంత ఉందో తనకు తెలియదు కదా. వరండాలో చాలామంది మా వైపు తిరిగారు.

ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తి రోగాల జాబితా ఉండేది. అందులో మోత వల్ల వచ్చే వినికిడి నష్టం కూడా ఉండేది. 2020లో చేసిన వృత్తి భద్రత కోడ్ జాబితాలోనూ ఉంది. అంటే కాగితం మీద అవ్వ రోగానికి పేరు ఉంది, కారణం ఉంది, బాధ్యత కూడా ఉంది. సీజను కూలీగా, మేస్త్రి కింద, హాజరు పుస్తకంలో పేరు లేకుండా పనిచేసిన మనిషి ఆ జాబితా దాకా ఎట్లా పోవాలో మాత్రం ఎక్కడా రాసి లేదు. 2000లో మొదలైన పత్తి సాంకేతిక మిషన్ కింద చాలా చోట్ల జిన్నింగు మిల్లులు ఆధునికమయ్యాయి, పత్తి అందించే యంత్రాలు వచ్చాయి. చేతులకు పని తగ్గింది. అప్పటికే పోయిన చెవుల గురించి ఏ మిషనూ అడగలేదు.

పూర్తిగా వినిపించనివాళ్ళు ఈ మధ్య కాలంలో తమ పేరును తామే చెప్పుకున్నారు. సంజ్ఞాభాష తమ భాష అన్నారు, తమది లోపం కాదు, ఒక సమూహం అన్నారు. 1991లో ప్రపంచ బధిరుల సమాఖ్య, 'హార్డ్ ఆఫ్ హియరింగ్' వాళ్ళ అంతర్జాతీయ సమాఖ్య ఈ రెండు పేర్లే వాడాలని ఒప్పుకున్నాయి. 'ఇంపెయిర్డ్' అన్న మాట వద్దన్నాయి. ఆ ఆత్మగౌరవం నాకు ఇష్టం. కానీ అవ్వకు సంజ్ఞాభాష రాదు, ఆ సమూహం తెలియదు. వినేవాళ్ళలో వినని మనిషి, విననివాళ్ళలో వినే మనిషి. తనలాంటివాళ్ళు వాడలో ఎందరో ఉన్నా, అందరూ విడివిడిగా తమ ఇళ్ళల్లో "ఇని ఇననట్టు" చేసినందుకు తిట్లు తిన్నారు. పేరు లేకపోతే జరిగే నష్టం ఇదే. పేరుంటే పదిమంది ఒకచోట చేరి, మనకిది ఎక్కడ వచ్చిందని అడగగలుగుతారు.

చివరికి పుస్తకంలో 'వినికిడి తగ్గినవాళ్ళు' అని రాశాను. పెద్ద మాటేం కాదు. కానీ 'లోపం' అంటే మొదటి నుంచీ ఉన్నట్టు, ఎవరి ప్రమేయమూ లేనట్టు. 'తగ్గింది' అంటే ఒకప్పుడు ఉండేదని. ఎప్పుడు తగ్గింది, ఎక్కడ తగ్గింది, ఎవరి పనిలో తగ్గింది అని అడగడానికి ఆ మాటలో చోటుంది. వయసుతో తగ్గినవాళ్ళకూ, జ్వరంతో తగ్గినవాళ్ళకూ అది సరిపోతుంది. పుట్టుకతోనే తక్కువ వినేవాళ్ళకు సరిపోదని తెలుసు. వాళ్ళు తమ మాట చెబితే దాన్నే రాయాలి.

పుస్తకం వచ్చాక అవ్వకు ఆ పేజీ చదివి వినిపించాను. ఎడమ చెవి వైపు కూచుని, మెల్లగా, నా పెదవులు కనిపించేలా. అంతా విని, "మిల్లు పేరు రాయలేదేంది?" అంది. రాయకూడదని చెప్పాను. "మరి నా పేరు?" అంది. అదీ రాయలేదన్నాను. కాసేపు ఊరుకుని, "ఎవ్వలి పేరు లేకపాయె, ఎవ్వలికి ఇనబడ్తది బిడ్డా" అంది.

ఆ మాట నాకు స్పష్టంగా వినిపించింది. దానికి జవాబు నా దగ్గర ఇంకా లేదు.